లేపొద్దని చెప్పమంది

ఇందులో ప్రతి మాటా నిజం. మా డాబా మీద నిలబెట్టిన యాంటెన్నా మీద ఒట్టు. ఇన్నేళ్లు నాకు కూడు పెట్టిన టెలిఫోన్ తీగల మీద ఒట్టు. చాలదంటే మా ఆవిడ మీద కూడా వేస్తాను గాని, నా ఒట్లలోకి తనను లాగొద్దని ఆమె ఏనాడో హెచ్చరించింది.

ఇంత గట్టిగా ఒట్టేయడానికి కారణం ఉంది. మార్కాపురంలో నేనేం చెప్పినా సగం తీసేసి వింటారు. దొనకొండ దగ్గర స్తంభమెక్కి ఉండగా పిడుగు పడి, కనిగిరి ఎక్స్‌చేంజిలో ఆ నిమిషాన మాట్లాడుతున్న వాళ్లందరి గొంతులూ నా చెవిలో ఒకేసారి మోగాయని చెప్పింది నేనే. మంచుఖండంలో ఉన్న ఒక శాస్త్రవేత్త రేడియోలో దొరికి, "మార్కాపురమా? పలకలు ఇంకా చేస్తున్నారా?" అని అడిగాడని చెప్పింది కూడా నేనే. మొదటిది అబద్ధమని మీకు తెలిసిపోయే ఉంటుంది. రెండోదాని సంగతి ఇప్పుడెందుకు.

నేను టెలిఫోన్ మెకానిక్‌ని. మీసం మొలిచిన కొత్తలో ఉద్యోగంలో చేరి, అది నెరవడం మొదలుపెట్టగానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. తీగలు పోయి టవర్లొచ్చాక మా చేతులకు పని లేకుండా పోయింది. ఊరికే కూర్చోలేక పరీక్ష రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. హ్యామ్ అంటే మరేం లేదు. టవరూ సిమ్మూ అక్కర్లేకుండా ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక యాంటెన్నాతో ఊరికీ ఊరికీ మధ్య మాట్లాడుకునే సరదా. మామూలు రోజుల్లో సరదాయే. ఫోన్లు పడిపోయిన రోజున మాత్రం అధికారులు మా ఇళ్లు వెతుక్కుంటూ వస్తారు. జీతం ఉండదు. కాఫీ ఉంటుంది, అదీ చల్లారాక.

కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న పిల్లలు మా ఇంటికొచ్చి, ఏదైనా అనుభవం చెప్పమంటుంటారు. పలకల కథ విని నవ్వుకుని వెళ్లిపోతారు. వాళ్లకు నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఆ ఏడు తుఫాను కోస్తాలో ఆగలేదు. వచ్చి మా మెట్ట మీద కూర్చుంది. వాన కోసం ఏడాది పొడుగునా ఆకాశం వంక చూసే ఊళ్లు మావి. వాగు పొంగితే ఎటు పరిగెత్తాలో మాకు తెలియదు. నల్లమల మీద కురిసిందంతా కిందికి దిగింది. కరెంటు పోయింది. టవర్ల కింద బ్యాటరీలు అయిపోయాయి. గిద్దలూరు అవతలి పల్లెలు ఎట్లా ఉన్నాయో మార్కాపురంలో చెప్పగలిగినవాడు లేడు.

మేం ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం. మార్కాపురంలో, ఆసుపత్రికి ఆనుకుని ఉన్న ఆఫీసు వరండాలో, మా లెక్కల సారు. బళ్లో నాకు లెక్కలు చెప్పిన మనిషే. రిటైరయ్యాక నాకంటే ముందు లైసెన్సు తెచ్చుకుని, అక్కడ కూడా నా నెత్తిన కూర్చున్నాడు. గిద్దలూరు అవతల, వాగొడ్డు పల్లెల జనాన్ని చేర్చిన బడిలో, సెల్‌ఫోన్ రిపేరు దుకాణం నడిపే సాయిబు. నన్ను మామా అంటాడు, నేను అల్లుడా అంటాను. ఆ సెట్టు మాట ఈ సెట్టుకు నేరుగా అందదు. అందుకని మధ్యలో, కంభం వైపు ఒక కొండ మీద, మా శాఖ వదిలేసిన పాత గదిలో నేను. అక్కడి మాట విని ఇక్కడ చెప్పడం, ఇక్కడి మాట విని అక్కడ చెప్పడం, అదే నా పని. నాలాంటివాణ్ణి ఆ పనికి పెట్టడం పిల్లికి పాల కాపలా లాంటిదని సారు మొదటే అన్నాడు.

ఆయన అనుమానం మొదటి రోజే నిజమైంది. ఒక పల్లె నుంచి "గోడలు నానినాయి, భయంగా ఉండాది" అని మాట వచ్చింది. నేను దాన్ని "ఇళ్లు కూలుతున్నాయి, జనం కేకలు" అని అందించాను. ఫైర్ వాళ్లు మోకులు, పడవ వేసుకుని బురదలో పడి పోయి చూస్తే, జనం కప్పు కింద కూర్చుని బీడీలు కాలుస్తున్నారట.

"ఒరేయ్," అన్నాడు సారు సెట్టులో, అందరూ వింటుండగా, "నిన్ను వార్త చెప్పమన్యా, హరికథ కాదు. ఇంకొక్క మాట కలిపినావంటే ఆ సెట్టు పెరికించి వేరే వాణ్ణి కూచోబెడతా. కలపొద్దు. వీలైతే తీసెయ్. బ్యాటరీ దండగ. ఓవర్."

"అట్నే సార్. ఓవర్."

"అట్నే సార్ కూడా అక్కర్లా. ఓవర్."

ఆ రోజు నుంచి నేను తీసేయడం నేర్చుకున్నాను. మా వాళ్లు ఊరికే క్షేమమని చెప్పరు. ప్రభువు కృప వలన క్షేమం. ఎంకన్న సామి దయ వల్ల క్షేమం. అల్లా చల్లగా చూసినాడు, క్షేమం. నేను కృపలూ దయలూ అన్నీ కోసేసి ఒట్టి "క్షేమం" పంపేవాణ్ణి. ఒక గొర్రెల ఆసామి తన మందలో బతికిన పొట్టేళ్లను ఒక్కొక్కటి పేరు పెట్టి తమ్ముడికి చెప్పమన్నాడు. ఒకదాని పేరు కలెక్టరట. ప్రాణం కొట్టుకుంది గాని, "గొర్రెలు క్షేమం" అని మాత్రమే పంపాను. అంత నిగ్రహం నాకు పెళ్లిలో కూడా లేదు.

ఇక ఆమె సంగతి.

ఆమెను నేను గొంతుగానే ఎరుగుదును, అప్పటికి. వాగొడ్డు పల్లెల్లోని క్రైస్తవుల పాలెం ఆమెది. మిరప కోతలకు, కంది కోతలకు కూలికి పోయే మనిషి. కూతురికి కడుపులో గడ్డ తీసి ఆపరేషన్ చేస్తే, ఆసుపత్రిలో తోడుండటానికి మార్కాపురం వచ్చి వానకు చిక్కుపడింది. మొగుడు ఇంటి దగ్గర ఉండిపోయాడు. పాలెంలోకి నీళ్లొచ్చాయని విన్నప్పటి నుంచి ఆమె వార్డుకూ వరండాకూ మధ్య తిరుగుతూనే ఉంది. ఆ పొద్దున సారు విసిగిపోయి మైకు ఆమె చేతికే ఇచ్చాడు.

"అన్నా, వినపడతాందా?"

"చెప్పమ్మా."

"బియ్యం లారీ పోతాందంట మా దిక్కుకు. డ్రైవరు పక్కన నాకు సీటు అడిగిపెట్టినాడు సారు. ఆయప్ప బాగుంటే నేనిట్నే బిడ్డ కాడ ఉంటా. దానికి లేసి కూసునే సత్తవ గూడా లేదన్నా. ఆయప్పకు ఏమన్నా అయ్యుంటే మటుకు లారీ ఎక్కుతా. ఏదో ఒకటి తేల్చి చెప్పన్నా. లారీవోడు ఇంజను ఆపకుండా పెట్టుకోనుండాడు."

మొగుడి పేరు, పాలెం పేరు చెప్పింది. నేను అటువైపు సెట్టును పిలిచాను. సాయిబు పలికాడు గాని, గాలికి యాంటెన్నా గడ ఒరిగిపోతోందట. "మామా, పైకెక్కి గడ పట్టుకుంటా. ఈడ చర్చి అయ్యగారు ఉండాడు, పాలెం వాళ్ల సంగతి ఆయనకే ఎరుక. మైకు ఆయనకిస్తాండా" అని బడి కప్పు మీదికెక్కాడు.

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. మైకు మీద బటన్ ఉంటుంది. ముందు దాన్ని నొక్కి, ఒక ఊపిరి ఆగి, అప్పుడు మాట్లాడాలి. కొత్తవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టాక గుర్తొచ్చి నొక్కుతారు. మొదటి మాటలు గాలిలో కూడా కలవవు, వాళ్ల నోటి దగ్గరే ఉండిపోతాయి. పాస్టరు గారు అట్లాగే చేశాడు. ఆయన మొదట ఏం చెప్పాడో నాకు అందలేదు. అందింది ఇది:

"...ప్రభువునందు నిద్రించినాడు. ఆమెకు ధైర్యం చెప్పండి."

గరగరగా ఉంది. "అయ్యగారూ, మళ్లీ ఒకసారి" అన్నాను.

మళ్లీ సగం నుంచే వచ్చింది. "...ప్రభువునందు నిద్రించినాడు నాయనా. ఆమెకు ధైర్యం చెప్పండి."

ఆ మాట నేనెరగనిది కాదు. ఎవరైనా పోతే వాళ్ల ఫొటో వేసి, కింద ఆ మాట రాసి, మార్కాపురంలో ప్రతి మలుపులోనూ ఫ్లెక్సీ కడతారు. బస్సు కోసం నిలబడి ఎన్నిసార్లు చదివానో. కానీ కంటికి తెలిసిన మాట చెవికి తెలియలేదు. పొద్దుటి నుంచి ప్రభువు కృప, ప్రభువు దయ అని కోసి కోసి అలవాటైన చెయ్యి. ఈ "ప్రభువునందు" కూడా ఆ వరసలోదే అనుకున్నాను. క్యాంపు నుంచి వస్తున్న మాట గనుక, మనిషి క్యాంపులో ఉన్నాడనుకున్నాను. రాత్రంతా నీళ్లలో తడిసి వచ్చి పడుకుని ఉంటాడు, పాస్టరు గనుక గ్రంథంలో మాటలా చెబుతున్నాడు, అంతే కదా అనుకున్నాను. భార్యకు ధైర్యం చెప్పమని కూడా అన్నాడాయె.

నా నాలుక చివర ఒక మాట తయారైంది. "గురక గట్టిగా పెడతాండాడా అయ్యగారూ?" అని అడగబోయాను. బటన్ కూడా నొక్కాను. అంతలో సారు గుర్తొచ్చి వదిలేశాను.

బతుకంతా నోరు అదుపులో లేక తిట్లు తిన్నాను. ఆ ఒక్కసారి అదుపు చేసుకున్నాను. ఆ ఎకసెక్కం ఆడి ఉంటే పాస్టరు గారు ఉలిక్కిపడి ఉండేవాడు, నిజం అక్కడికక్కడే బయటపడేది.

మార్కాపురానికి ఇట్లా పంపాను: "నిద్రపోతున్నాడు. ధైర్యంగా ఉండమన్నారు. ఓవర్."

"ఇదిరా మెసేజంటే!" అన్నాడు సారు. "చూసినావా, ఎంత శుభ్రంగా వచ్చిందో. ఇన్నాళ్లకు మనిషివైనావు. ఓవర్."

ఆయన నన్ను మెచ్చుకోవడం బళ్లో చదివిన రోజుల్లో కూడా లేదు. గదిలో ఒక్కణ్ణే ఉన్నా మీసం సవరించుకున్నాను.

తర్వాత ఆమె గొంతు. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ కలిసిపోయాయి. "పండుకున్నాడా! లేపొద్దని చెప్పన్నా. రెండు దినాలుగా కన్ను మూసుండడు ఆయప్ప. లేపొద్దని గట్టిగా చెప్పు. నేను బిడ్డ కాడనే ఉంటా, నా గురించి చూడొద్దని చెప్పు." పక్కకు తిరిగి ఎవరితోనో, "ఓ డ్రైవరన్నా, నేను రానులే, నువ్వు పో!" అని అరవడం కూడా వినిపించింది.

నేను అటువైపుకు అందించాను. ఒక్క మాట కలపలేదు. "లేపొద్దని చెప్పమంది. కూతురి దగ్గరే ఉంటుందట. తన కోసం చూడొద్దట. ఓవర్."

తర్వాత పాస్టరు గారి గొంతు, ఈసారి బటన్ సరిగ్గా నొక్కాడు. "స్తోత్రం. ఎంత విశ్వాసం ఆ తల్లిది! లేపొద్దని చెప్పిందా? ఇంతకాలం వాక్యం చెప్తాండా గాని, ఇట్లాంటి మాట నా సంఘంలో ఎవురి నోటా వినలా. సరే నాయనా. ఆమె మనసు నాకు అర్థమైంది. ఆమె కోసం ఆగము. మేము చేయవలసింది చేస్తాము."

చేయవలసింది అంటే దుప్పటి కప్పడం, లేచాక ఇంత అన్నం పెట్టడం అనుకున్నాను.

ఇట్లా నేను మధ్యలో కూర్చుని ఇటు ఆమెకూ తృప్తి కలిగించాను, అటు ఆయనకూ తృప్తి కలిగించాను.

లారీ వెళ్లిపోయింది. నేను ఇంకా ఏవేవో మెసేజీలు అందించాను. ఎవరికో సుగరు మందు, ఎవరికో పాల ప్యాకెట్లు. అప్పుడు సాయిబు కప్పు దిగి వచ్చి సెట్టు అందుకున్నాడు.

"మామా, నీళ్లు తోడే ఇంజనొకటి ఎక్కడన్నా దొరుకుతాదేమో అడుగు. గుంటలో నీళ్లు ఊరతాండాయి. బక్కెట్లతో తోడలేక పోతాండారు. ఓవర్."

"ఏం గుంట అల్లుడా? ఓవర్."

"సమాధి గుంట మామా."

"ఎవురికి?"

"ఏంది మామా, పొద్దున నువ్వే గదా మాట్లాడింది. అయ్యగారు చెప్పినాడంట గదా నీకు. మేకను పట్టుకునేదానికి పోయి కొట్టుకపోయినాడు. తుమ్మచెట్లలో చిక్కుకోనుంటే తెల్లారి తీసినారు. పెళ్లాం లేపొద్దనిందంట గదా? పాలెమంతా అదే చెప్పుకోని ఏడుస్తాండారు."

నేను బటన్ నొక్కాను. ఏమీ చెప్పకుండా వదిలేశాను. మళ్లీ నొక్కాను.

"అల్లుడా, ఆమెకు తెలవదురా. నిద్రపోతాండాడని చెప్పినా."

అటునుంచి "యా అల్లా" అని ఒక్క మాట వచ్చింది. ఓవర్ చెప్పడం కూడా మరిచిపోయాడు.

సారుకు చెప్పాను. "నువ్వు అందుకున్న మాట ఏందిరా, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. చెప్పాను. "ప్రభువునందు. ఆ మాట ఎందుకు తీసేసినావు?" అన్నాడు. తీసెయ్యమన్నది ఆయనేనని నేను గుర్తు చేయలేదు. ఆయనకే గుర్తొచ్చింది. "నేనే పోయి చెప్తా" అని సెట్టు దగ్గర ఎవరో గుమాస్తాను కూర్చోబెట్టి వార్డుకు నడిచాడు.

ఎంతసేపటికో మార్కాపురం సెట్టు పలికింది. బటన్ నొక్కి పట్టుకున్నారు, మాట లేదు. వరండా రేకుల మీద వాన పడుతున్న చప్పుడు నాకు కొండ మీద వినిపిస్తోంది. ఆమేనని తెలుస్తోంది. "అమ్మా" అన్నాను గాని, అవతల బటన్ నొక్కి ఉంటే నా మాట పోదు. అట్లా ఆమె నొక్కి పట్టుకున్నంతసేపూ నేను వాన విన్నాను. చివరికి సారు ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నట్టున్నాడు.

ఆమె వచ్చేదాకా ఆపగలరా అని పాస్టరు గారిని అడిగించాను. నీళ్లలో నానిన మనిషి, ఆగడం కుదరదన్నారు. పంపే దారి కూడా లేదు. ఆ బియ్యం లారీయే గుండ్లకమ్మ దగ్గర ఆగిపోయిందని కబురొచ్చింది. నీళ్లు రోడ్డెక్కి, లారీ ఇవతలే నిలబడిపోయి, సాయంత్రానికి వెనక్కి తిరిగింది. అంటే ఆమె ఎక్కినా చేరేది కాదు. ఎట్లాగూ చివరిచూపు దక్కేది కాదు. నేను ఏం చెప్పినా జరిగేది ఒకటే.

మధ్యాహ్నం దాటాక మన్ను పోశారు.

వాగులు తగ్గాక సాయిబును తోడు తీసుకుని ఆమె పాలెం పోయాను. సారు రానన్నాడు. ఆయన ఆ తర్వాత సెట్టు ముందు కూర్చోలేదు. పరికరాలన్నీ మా ఇంటికి పంపించేశాడు, యాంటెన్నాతో సహా. రోడ్డు మీద కనబడితే, "బాగుండావా?" అంటాడు. అంతే. నేను ఎంత హరికథ చెప్పినా ఇప్పుడు తిట్టడు.

ఆమె పడిపోయిన గోడకు మట్టి పెడుతోంది. కూతురు నులకమంచం మీద పడుకుని ఉంది. నా గొంతు వినగానే గుర్తుపట్టింది.

"నువ్వేనా అన్నా, పండుకున్నాడని చెప్పింది?"

"నేనేనమ్మా."

చేతులకున్న మట్టి తుడుచుకుంది. తిడుతుందేమోనని నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది. సాయిబు నేల చూస్తున్నాడు.

"ఆ పూట కూడు తిన్యానన్నా," అంది. "ఆయప్ప పండుకున్నాడు గదా అని నెమ్మదిగా తిన్యా. బిడ్డకు కలిపి పెట్టినా, నేనూ తిన్యా. పక్క మంచం ఆమె మామిడికాయ తొక్కు ఇచ్చింటే అది గూడా ఏసుకోని తిన్యా. ఈడ ఆయప్ప మీద మన్ను పోస్తాంటే."

కూతురు "ఊరుకో మా" అంది.

"నేనేమంటినే? అన్నను ఏమన్నా అంటినా?" నా వైపు తిరిగింది. "పాలెంలో అందరూ నాకు దండం పెడతాండారన్నా. లేపొద్దన్యానంట. అంత పెద్ద విశ్వాసమంట. అయ్యగారు చర్చిలో గూడా చెప్పినాడంట. నాకేం తెలుసు? నేను చెప్పింది నిద్ర సంగతి. ఇప్పుడు కాదని ఎవురికి చెప్పుకునేది?"

పాస్టరు గారితో నేను చెబుతానన్నాను. వద్దంది. "ఉండనీలే. ఆయనొక్కడన్నా సంతోషంగా ఉండాడు."

అప్పుడు అసలు సంగతి అడిగింది. వచ్చినప్పటి నుంచి నేను ఎదురుచూస్తున్నది అదే.

"అన్నా, ఆ లారీ. నేను ఎక్కింటే ఆయప్ప మొగం చూసుకునేదాన్నా?"

లేదమ్మా అన్నాను. గుండ్లకమ్మ దగ్గర లారీ ఆగిపోయిందని చెప్పాను. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో, డ్రైవరు ఎట్లా దిగి చూశాడో, ఎట్లా వెనక్కి తిప్పాడో, అన్నీ చెప్పాను. నాకు చేతనైనంత బాగా చెప్పాను. ఆమె విని, "అట్నా" అంది. మళ్లీ మట్టి పిసకడం మొదలుపెట్టింది. ఇంతకుముందుకంటే కొంచెం నెమ్మదిగా.

మొదట్లో ఒట్టేశాను కదా. ఆ ఒట్టు ఒక్క చోట తప్పాను. ఆ లారీ ఆగలేదు. రోడ్డు మునగక ముందే గుండ్లకమ్మ దాటి, సరిగ్గా బడి ముందుకొచ్చి నిలబడింది. ఆమె ఎక్కాల్సిన లారీ అదేనని పాలెంలో ఎవరికీ తెలియదు. అప్పటికింకా గుంటలో నీళ్లు బక్కెట్లతో తోడుతూనే ఉన్నారు. ఆయన్ను బడి పక్కనే ఉన్న చర్చి వసారాలో, మొగం కనబడేటట్టు పడుకోబెట్టి ఉంచారు. డ్రైవరు పక్క సీటులో బియ్యం బస్తా ఉండిందట. దించిన సాయిబే నాకు చెప్పాడు.

మీలో ఎవరికైనా ఆ పాలెం దిక్కు పోయే పని పడి, ఆమె కనబడి అడిగితే, లారీ గుండ్లకమ్మ దగ్గర ఆగిపోయిందనే చెప్పండి.